చీరల కొట్టు మీది చదువుల గది

దిల్‌సుఖ్‌నగర్‌లో సిద్ధిరాములు చీరల కొట్టుకు మేడ మీద ఒక పఠన మందిరం ఉండేది. పోచంపల్లిలో అతని తండ్రి మగ్గాల మధ్య కూర్చుని నేతగాళ్లకు పత్రిక చదివి వినిపించేవాడు. మగ్గం పోయినా ఆ అలవాటు పోకూడదని కొడుకు ఈ గది పెట్టాడు. మూడు బీరువాల పుస్తకాలు, ఒక పొడుగాటి బల్ల, నిజాం కాలంలో తిరగడం మొదలుపెట్టి ఇంకా మొదటి చుట్టు పూర్తిచేయని పంకా. పుస్తకం గడప దాటకూడదన్నది ఒక్కటే నియమం.

పాఠకులకు కొదవ లేదు. కాకపోతే అందరూ కింద ఆడవాళ్లు చీరలు ఏరుకుంటుంటే నిలబడలేక పైకెక్కిన మొగుళ్లే. ఇక్కత్ చీర ఎంచడమంటే మాటలా? ఒకాయన నల్లజుట్టుతో మెట్లెక్కి నెరిసిన జుట్టుతో దిగాడని నాగోల్ దాకా చెప్పుకునేవారు.

కొడుకు మధుకు ఆ గది మీద కన్నుంది. అక్కడ పట్టుచీరలకు అద్దాల బీరువాలు పెట్టాలని అతని పంతం. తండ్రి ససేమిరా అనేసరికి ఒకనాడు పందెం కాశాడు.

"బాపూ, చీరలు కొననీకి గాక ఉత్తగ చదువనీకే ఒక్కడొచ్చినా గది నీదే. దసరాలోపు రాకుంటే నాది."

సిద్ధిరాములు సరేనన్నాడు. అంతలో సకల జనుల సమ్మె వచ్చిపడింది. బంద్ రోజుల్లో అతను పొద్దున్నే ఎల్బీ నగర్ శిబిరంలో కూర్చుని గొంతు పోయేలా నినాదాలిచ్చి, మధ్యాహ్నం వచ్చి, షట్టరు సగం దించి, ఖాళీ బల్ల తుడిచేవాడు. తెలంగాణ వస్తుందన్న నమ్మకం కొండంత ఉంది. పాఠకుడు వస్తాడన్న నమ్మకమే రోజురోజుకూ సన్నగిల్లుతోంది.

దసరా దగ్గరపడ్డాక, ఒక బంద్ నాడు ఎవరో షట్టరు తట్టారు. సైదాబాద్ వెంకట్రావు. గుడివాడ నుంచి వచ్చి స్థిరపడ్డ పాత గిరాకీ. అటూ ఇటూ చూసి, నడుం వంచి లోపలికి దూరాడు.

"కొట్టు బంద్ సారూ. ఇయ్యాల చీరలు అమ్మం," అన్నాడు సిద్ధిరాములు.

"చీరలెవరిక్కావాలండీ? పోయినసారి పైన సగం చదివిన నవల్లో నూతిలో పడ్డ పిల్ల బతికిందా లేదా? నాకు నిద్ర పట్టట్లేదు."

సిద్ధిరాములు ఆనందం పట్టలేక ఆయన్ను చెయ్యిపట్టి పైకి తీసుకుపోయి, నవల బల్ల మీద పెట్టాడు. అతను కిందికి దిగాక మధు మాత్రం ఒప్పుకోలేదు. ఎప్పుడూ చీరల కోసం వచ్చే మనిషి లెక్కలోకి రాడని వాదించాడు.

ఆ వాదన తేలకముందే వెంకట్రావును వెతుక్కుంటూ ఆయన భార్య సీతామహాలక్ష్మి వచ్చింది. మధు ఆశగా, ఏమైనా చీరలు చూస్తారా అమ్మా అని అడిగాడు.

"ఇంకా చీరలా బాబూ? ఇంట్లో బీరువా తలుపే పడట్లేదు. నేనడక్కపోయినా పద పదమని ఈయనే లాక్కొస్తుంటే, ముసలితనంలో ప్రేమ ముదిరిందనుకున్నాను."

మధు మేడ మెట్లకేసి చూశాడు. "బాపూ, ఇంకా ఇసొంటి మొగుళ్లు ఎంతమంది ఉన్నరే?" అన్నాడు.

సిద్ధిరాములు మీసాల్లో నవ్వుకున్నాడు.

సీతామహాలక్ష్మి పైకెక్కింది. చీవాట్లు పెడుతుందనుకుంటే, ముందుగా, రాత్రుళ్లు ఆయన గొణుగుతున్న ఆ నూతిలో పిల్ల సంగతేమైందని అడిగింది. వెంకట్రావు తలెత్తలేదు.

"ఉండవే. ఇంకా నాలుగు చీరలు ఏరేంత కథుంది."

ఆమెకు కుర్చీ తెచ్చి వేసింది మధే.