ఎడమకి లాగుతోంది

నా జీపు బాగైందని జోగులుతో ఆ ఆదివారమే ఎందుకు చెప్పలేకపోయాను? డెబ్బయ్యో ఏట కూడా నన్ను నేను ఇదే అడుగుతున్నాను.

జోగులుకి ప్రోతరాపూర్‌లో రేకుల షెడ్డు ఉండేది. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకి ఈ దీవులకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. అతను సముద్రం మానేసి బళ్ళు పట్టాడు. తండ్రి పడవలో చుక్కాని పట్టేవాడట. ఆ చెయ్యే తనకొచ్చిందని నమ్మకం. పోర్ట్ బ్లెయిర్‌లో డ్రైవర్లదీ అదే మాట. స్టీరింగ్ తేడా చేస్తే జోగులు దగ్గరికే.

జీపు నా తమ్ముడు చక్రి వదిలి వెళ్ళింది. వక్కతోటకి పోయే బురదదారి కోసం స్ప్రింగులు మార్పించి నాలుగంగుళాలు ఎత్తించాడు. బండి లేచింది, స్టీరింగ్ చెడింది. గుంట తగిలితే చాలు, నా చేతుల్లోంచి తిరిగిపోయేది.

జోగులు కిందకి దూరి చూశాడు.

"సూడండి దీదీ, స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే ఈ రాడ్డు పడుకోనుండాలి. బండి ఎత్తీసరికి ఏటవాలుగా నిలబడిపోనాది. గుంటలో పడ్డప్పుడల్లా ఇదే చక్రాన్ని తోసేత్తంది."

"కాల్చి వంచేస్తే సరిపోదూ?"

"అరే! కాల్చిన ఇనుముకి పానం అప్పజెప్తారేటి? ఇదేనా మీ పుస్తకాల్లో రాసింది?"

రాడ్డు పై కొసని పట్టుకునే ఆర్మ్ మార్చాలన్నాడు; ఇంకా కిందికి దిగే రకం చెన్నై నుంచి ఓడలో రావాలి. అది వచ్చేలోగా ప్రతి ఆదివారం వచ్చి మిగతా జాయింట్లు విప్పి చూసేవాడు. వెనక చక్రం నుంచి ముందు చక్రానికి గేలపు నైలాన్ దారం లాగి కట్టి, ఒక కన్ను మూసి చక్రాల వరస చూసేవాడు. నేను పీట మీద కూర్చుని స్పానర్లు అందించేదాన్ని. బండి కింద నుంచి అతని కాళ్ళే కనబడేవి. హాడో బడిలో ఉద్యోగం విరమించాక నేను ఎవరితోనూ మాట్లాడనన్ని మాటలు ఆ కాళ్ళతో మాట్లాడాను. కింద నుంచి "అచ్ఛా" అని వినబడేది. పోయేటప్పుడు గేటు దగ్గర, "వత్తాను దీదీ" అనేవాడు. మళ్ళీ ఆదివారం వచ్చేవాడు.

ఆర్మ్ వచ్చింది, బిగించాడు. రాడ్డు బుద్ధిగా పడుకుంది. నేను గుంటల మీద నడిపి చూశాను. స్టీరింగ్ కదలలేదు.

"ఎలాగుంది దీదీ?"

"ఇంకా ఎడమకి లాగుతోంది" అన్నాను.

మరో మూడు ఆదివారాలు దారం కట్టాడు. తను నడిపితే ఏమీ తెలియడం లేదు. నేను మాత్రం అదే మాట. మూడోసారి చేతులు తుడుచుకుంటూ బండి కింద నుంచి లేచాడు.

"నా చెయ్యి పోయిందేమో దీదీ. లాగుతున్నా తెలియట్నేదు. టాక్సీ నడిపే గోపినాథ్ బండి తెత్తే వేరేవాళ్ళకి సూపించుకోమన్నాను. తప్పు చేత్తే మడుసులు పోతారు."

అప్పుడైనా చెప్పాల్సింది. టీ తెస్తానని లోపలికి వెళ్ళాను.

నాలుగో ఆదివారం దారం తీయలేదు. "మీరే నడపండి, నాను పక్కన కూకుంటాను" అన్నాడు. బస్టాపు ముందు గతుకుల రోడ్డు వచ్చింది.

"చేతులు తియ్యండి."

నెమ్మదిగా తీశాను. జీపు ఎగిరింది, పడింది, మళ్ళీ ఎగిరింది. స్టీరింగ్ ఉన్నచోటే ఉంది. గతుకులన్నీ దాటేదాకా సూటిగా పోయింది.

"సీధా" అన్నాడు మెల్లిగా. తన అరచేతులకేసి చూసుకున్నాడు. తర్వాత నాకేసి చూశాడు. కోపం ఉంటే బాగుండేది.

"జోగులూ, నేను..."

"బస్టాపు కాడ ఆపండి."

ఆపాను. సంచీ తీసుకుని దిగి, ముందు చక్రం పక్కన వంగి ఆ రాడ్డుని ఒకసారి చేత్తో తడిమాడు. బస్సు వచ్చింది. "వత్తాను" అంటాడని ఇంజన్ ఆపేశాను, సరిగా వినబడాలని.

అతను బస్సెక్కి అవతలివైపు సీట్లో కూర్చున్నాడు.