సత్యవేడు బస్సులో స్కాట్లాండ్

ఎనభైల మొదట్లో తిరుపతి నుంచి సత్యవేడు వెళ్లే బస్సులో నా పక్కన ఒక స్కాట్లాండ్ ఆయన కూర్చున్నాడు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసే చెల్లెలిని చూడటానికి వచ్చాడట. మాటల్లో, తమ దేశం ఇంగ్లండ్ నుంచి విడిపోవాలన్నాడు. నేను విజయవాడలో కార్మిక సంఘం మనిషిని; విడిపోతామనేవాళ్లంతా ఎర్రజెండావాళ్లే అనుకునేవాణ్ణి. "అయితే మీరూ మావాళ్లే!" అన్నాను సంబరంగా.

"నేనా? సమ్మెలంటే నాకు ఒళ్లుమంట. మాకు ఊలు మిల్లుంది," అన్నాడు. ఎర్రజెండా పట్టేది ఆయన బావమరిదట. ఇంగ్లండ్ కార్మికులను వదిలేసి విడిపోవడమేమిటని అతను దెబ్బలాడతాడట.

నాకు చిరాకేసింది. "మరి విడిపోవడం ఎవరికోసం? మిల్లు యజమానుల కోసమా?" అని వడమాలపేట దాటేదాకా వాదించాను. ఆయన ఒక్క మెట్టు దిగలేదు.

ముందు సీట్లోని సత్యవేడు రైతు వెనక్కి తిరిగాడు. "ఏందబ్బా, ఆ దొర మింద అట్ల అరస్తా ఉండావు?"

సంగతి చెప్పాను.

"మా ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, ఆంధ్రలో కలపమని అడిగేదానికి మా నాయనా, కూలి పెంచమని ఆయనతో కొట్లాడే ఎర్రజెండావోళ్లూ ఒకే బండెక్కి పొయ్యినారప్పా. ఊరు ఈడ కలిసినాక మళ్లా కూలి కొట్లాటకాడికే వచ్చినారు."

"ఎవరు నెగ్గారు?"

"యాడ నెగ్గేది? ఇంకా జరగతానే ఉండాది."

అది ఇంగ్లీషులో చెప్పాను.

"చూశారా! ముందు అందరూ ఒకే బండెక్కాలి," అన్నాడు స్కాట్లాండ్ ఆయన.

"కాదు, కూలి సంగతి ముందు తేలాలి," అన్నాను.

రైతు, మళ్లీ వాదనకు దిగిన మా ఇద్దరినీ విసుగ్గా చూసి ముందుకు తిరిగి కూర్చున్నాడు.