కంప్యూటరుకి రాహుకాలం నేర్పాను

దేవుడు నాకు చేసిన మేళ్ళు చెప్పాలంటే ఒక జన్మ చాలదు. ఆయన మీద భక్తితో నేను ఒక ఐసు ఫ్యాక్టరీని ముంచబోయిన కథకు మాత్రం ఈ కాస్త కాగితం చాలు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు. జావాలో ప్రోగ్రాములు రాయడం అన్నయ్య నేర్పాడు. అమ్మ అల్లిన క్రోషియా గుడ్డ కప్పుకుని పెళ్ళికూతురిలా కూర్చునే కంప్యూటరు ముందు, సాయంత్రం దీపం పెట్టాక పాఠం. ఆ ఇద్దరి పుణ్యాన భీమవరంలో రాజుగారి ఐసు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది.

అక్కడ నేను రాసిన ప్రోగ్రాం ముక్కలు ముక్కలుగా ఉండేది. బిల్లుకో ముక్క, చీటీకో ముక్క. వాటినే మాడ్యూల్స్ అంటాం. బండికి ఎన్ని ఐసు దిమ్మలివ్వాలో ఆఫీసులో సెట్టింగు మారిస్తే చాలు, టెలిఫోను లైను మీద చుట్టుపక్కల ఊళ్ళలోని మా డిపోలన్నిటికీ అదే వెళ్ళిపోయేది. అంతకుముందు ఫ్లాపీ పట్టుకుని బస్సెక్కేదాన్ని. ఆ సుఖానికి పొంగిపోయి, ఎవరికీ చెప్పకుండా ఇంకో మాడ్యూల్ చేర్చాను. రాహుకాలంలో ఏ సెట్టింగూ ఆఫీసు గడప దాటకూడదు! మంచి పని చెడు వేళ మొదలుపెడతామా, మీరే చెప్పండి.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఉండి ఊళ్ళోని డిపో నుంచి గుమాస్తా సత్తిబాబు ఫోను.

"మేడంగారండీ, వెంకన్నగారి రొయ్యల చెరువు పట్టుబడండి, రొయ్యలన్నీ గట్టుకి తీసేశారండి. బండికి నలభై దిమ్మలు కావాలండి. కంప్యూటరు ఇరవైకి మించి చీటీ ఇవ్వనంటందండి."

"ఇప్పుడే మార్చాను కదా!"

"ఆయ్, రాలేదండి."

"చీటీ లేకుండా ఇచ్చేయకూడదూ?"

"చీటీ లేకుండా దిమ్మ కదిలితే నా ఉద్యోగం కదుల్తాదన్నారండి రాజుగారు. ఆయనేమో ఫోనుకి దొరకట్లేదండి."

అప్పుడు గోడ మీది క్యాలెండరు చూశాను. సోమవారం, ఏడున్నర నుంచి తొమ్మిది. గుండె ఐసు దిమ్మయింది.

"సత్తిబాబూ, తొమ్మిదింటిదాకా ఆగగలరా? రాహుకాలం..."

ఫోను వెంకన్నగారు లాక్కున్నారు. "అమ్మా, చచ్చిన రొయ్యకి రాహుకాలం ఏంటమ్మా? ఎండెక్కేస్తంది! పంటంతా గట్టు మీదే ఉంది!"

ఆ మాడ్యూల్ తీసేద్దామని చూశాను. దాన్ని పీకితే మిగతావి లేవనే లేవవు. అలా అల్లిన మహాతల్లిని నేనే. చాదస్తపు ప్రోగ్రాం చెబితే వినదు, తిడితే ఏడవదు. వీరభద్రుడికి దణ్ణం పెట్టుకుంటే ఉపాయం తట్టింది. ఆఫీసు కంప్యూటరులో తేదీ ఒకరోజు ముందుకి జరిపాను. మంగళవారం రాహుకాలం మధ్యాహ్నం మూడింటికి కదా! మరుక్షణం సెట్టింగు రామబాణంలా దూసుకుపోయింది.

"వచ్చేసిందండీ!" అని సత్తిబాబు కేక. వెంకన్నగారి పంట ఐసులో పడింది. నేను ఆనందంతో ఇంటికెళ్ళి కొబ్బరికాయ కొట్టాను.

మర్నాడు మధ్యాహ్నం రాజుగారు నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా, పన్నెండింటికి సెట్టింగు మార్చాను. అరగంటైనా డిపోకి వెళ్ళలేదే?"

"అలా జరగదండీ. ఇవాళ మంగళవారం, రాహుకాలం మూడు దాటాకండీ," అని నోరు జారాను.

"రాహుకాలమా?"

అప్పుడు చెప్పక తప్పలేదు. చెబుతుండగానే కంప్యూటరులో తేదీ కంటబడింది. నిన్న ముందుకి జరిపాను సరే, వెనక్కి ఎవరు జరుపుతారు? దాని లెక్కలో అది బుధవారం. బుధవారం రాహుకాలం సరిగ్గా పన్నెండు నుంచి ఒంటిగంటన్నర. అడుసు తొక్కనేల, తేదీ తిప్పనేల!

రాజుగారు వంగి ఆ తేదీ చూశారు. "అమ్మా, లోకానికంతటికీ రాహువు రోజుకి ఒక్కసారే వస్తాడు. మా ఫ్యాక్టరీకి రెండోసారి నువ్వు తీసుకొచ్చావు," అని ఫకాలున నవ్వేశారు. ఆ నవ్వుకి ఈనాటికీ రుణపడి ఉన్నాను.

ఆ సాయంత్రమే దీపం ముందు నిలబడి ఒట్టు వేశాను. ఇకమీదట ఈ చేతులతో ఏ ప్రోగ్రాంలోనూ రాహుకాలం పెట్టను. ఒట్టు రాహుకాలానికే సుమండీ. వర్జ్యం మాట అందులో లేదు.