పక్కన ఎవరున్నారు?

అత్త చనిపోయిందన్న మాట నాన్న ఫోనులో తమిళంలో చెప్పాడు. కోవిల్‌పట్టిలో మా ఇంట్లో మేము తెలుగు తప్ప మాట్లాడం. గడప దాటితేనే తమిళం. అందుకే నాకు ఏడుపు కంటే ముందు అనుమానం వచ్చింది. "పక్కన ఎవరుండారు నాయనా?" అని అడిగాను. విరుదునగర్ ఆసుపత్రి వరండాలో, జనం మధ్య నిలబడి ఉన్నాడట. అలా అడగడం నాకు నేర్పింది అత్తే.

అత్త నాన్నకు చెల్లెలు. పెళ్లికి ముందు, హాస్టలూ తిండీ ఉచితమని ఎవరో చెబితే నమ్మి, దూరాన ఉన్న ఒక నూలు మిల్లుకు వెళ్లింది. ఆదివారాల్లో ఇంటికి ఫోను చేసుకోనిచ్చేవారు. వార్డెను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. తెలుగు వినబడితే ఫోను లాక్కునేది. తనకు అర్థమయ్యే తమిళంలోనే మాట్లాడాలి. తమిళంలో "బాగున్నాను" అని చెప్పీ చెప్పీ, అత్త చివరికి జ్వరంతో ఎముకల గూడై తిరిగొచ్చింది. ఆ తర్వాత బతికినంతకాలం ఆ మాట ఎవరు చెప్పినా నమ్మలేదు.

విరుదునగర్‌లో మిరపకాయల గోదాములో తొడిమెలు తీసే పని చేసేది. మా ఊరొస్తే వేరుశనగ మిఠాయి కొనేది. అంగడివాడి ఎదుటే ఒక ముక్క కొరికి, నమిలి, కాసేపు ఆగి, అప్పుడు పొట్లం కట్టనిచ్చేది. బస్సు ఎక్కడికి పోతుందో కండక్టరు చెప్పినా, లోపల కూర్చున్నవాళ్లను మళ్లీ అడిగేది. ఎందుకత్తా అంటే, "బస్సు వానిది. పోతాదనే చెప్తాడు" అనేది.

నేను పదో తరగతి పాసైన వేసవిలో ఒక బ్రోకరు మా ఇంటికొచ్చాడు. మా తెలుగువాడే. మిల్లులో పని, అక్కడే చదువు అన్నాడు. అమ్మానాన్నలు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, బడి ముఖం ఎరగరు; తలూపుతున్నారు. అత్త అతనికి టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీకు కూతురుండాదా అన్నా?"

"ఉండాదమ్మా. కాలేజీలో చదవతా ఉండాది."

"దాన్ని ఏ మిల్లులో చేర్చలేదా?"

అతను లేచాడు. "గ్లాసు ఈడ పెట్టి పో," అంది అత్త. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. ఆ ఏడు ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో చేరగలిగానంటే ఆ మధ్యాహ్నం వల్లే.

ఇంజినీరింగ్ అయ్యాక జర్మనీలో ఫీజు లేకుండా పై చదువుకు సీటొచ్చింది. అత్త అనుమానం ఈసారి దాని మీద పడింది. "ఊరికే, సుమ్మా చదువు చెప్తారా? అంగడోడు సుమ్మా కరేపాకు ఏస్తే, దాని కింద పుచ్చు వంకాయ ఉంటాది పాపా."

అక్కడికి వెళ్లాక ప్రతి వీడియో కాల్‌లోనూ నా చేత ఫోను గదంతా తిప్పించేది.

"ఆ తలుపెనక ఎవరు?"

"అది అలమార అత్తా."

"తెరువు."

ఒకసారి మదురై స్నేహితురాలు నా గదికి వచ్చి ఉంది. ఆమె ముందు తెలుగు మాట్లాడితే బాగుండదని, అత్తకు తమిళంలో జవాబిచ్చాను: బాగున్నాను అత్తా. వెంటనే ఫోను కట్టయింది. అత్త మిరపకాయల కుప్ప వదిలేసి కోవిల్‌పట్టి బస్సెక్కింది. నాన్నను వెంటబెట్టుకుని, నా కాగితాలు చూసిన కన్సల్టెన్సీకి వెళ్లి కూర్చుంది. మా పాప చేత తమిళం మాట్లాడిస్తున్నారు, వెంటనే రప్పించండి అని తమిళంలోనే కేకలు వేసింది. అక్కడివాళ్లకు ఏమీ అర్థం కాలేదు.

నాన్న వల్ల విషయం తెలిసి, స్నేహితురాలు వెళ్లిపోయాక, అత్తతో తెలుగులో మాట్లాడాను.

"ఇప్పుడు చెప్పు. తిన్నావా?"

తినలేదు. పాఠాలు తలకెక్కడం లేదనీ, రాత్రిళ్లు నిద్ర రావడం లేదనీ అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అత్తకు చెప్పాను. నన్నెవరూ బంధించలేదు, కానీ బాగున్నానన్నది మాత్రం అబద్ధమే.

"వచ్చేస్తావా?"

"రాను అత్తా."

"సరే. ఇది నీ గొంతే," అంది.

చదువు ముగించి వచ్చాను. ఇప్పుడు, అత్త పోయాక, మళ్లీ ప్రయాణమవుతున్నాను. ఈసారి ఇంకా ఉత్తరాన, ఒక పరిశోధనశాలలో ఉద్యోగం. టికెట్టు వాళ్లదే, ఇల్లు వాళ్లదే. ప్రొఫెసరు ఎంతో మర్యాదగా రాస్తారు. ఆ మర్యాద నాకు నచ్చలేదు. వెళ్లాలా వద్దా అని నాన్నను అడిగితే, "చదివినదానివి, నీకు తెలీదా?" అన్నాడు. నా తరఫున అనుమానపడే మనిషి ఇక లేదు.

పోయిన వారం ప్రొఫెసరుతో వీడియో కాల్‌లో, అక్కడ పనిచేస్తున్న అమ్మాయితో మాట్లాడతానని అడిగాను. నేపాల్ అమ్మాయి. అంతా బాగుందంది. ప్రొఫెసరు పక్కనే కూర్చుని తలూపారు. కాల్ అయ్యాక ఆమెకు విడిగా నా నంబరు పంపాను. సాయంత్రం ఆమే ఫోను చేసింది. వెనక గాలి హోరు.

"పని మంచిది. చాలా నేర్చుకుంటావు, రా," అంది. తర్వాత గొంతు తగ్గించి, "వాళ్లిచ్చే ఇంట్లో మాత్రం ఉండొద్దు. దాని ఇంకో తాళంచెవి ప్రొఫెసరు దగ్గరుంటుంది."

"నువ్వెక్కడ ఉంటున్నావు?"

"ఆ ఇంట్లోనే. ఒక్కదానికి బయట గది దొరకడం లేదు."

"ఇద్దరికీ కలిపి చూడు. నేనొస్తున్నాను," అన్నాను.

ఆమె ఫోను పెట్టెయ్యలేదు. మంచు మీద ఆమె బూట్ల చప్పుడు, కరకరమంటూ, చాలాసేపు వినిపిస్తూనే ఉంది.