బతికే ఉన్నాడని చెప్పలేదు

ఆరేళ్లుగా మోస్తున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సూరత్‌లో, పాండేసరా దగ్గర ఒక మరమగ్గాల మిల్లులో మేస్త్రీని. మా పక్క ఊరి సదానందం ఇక్కడ వడోద్‌లో మా గల్లీలోనే ఉండేవాడు. కంప్యూటర్ ఉద్యోగాలని చెప్పి మనవాళ్ల పిల్లల్ని విదేశానికి పంపి, అక్కడి ముఠాకు అమ్మేశాడు. గదుల్లో బంధించి, కరెంటు షాకులిచ్చి, ఫోన్లలో జనాన్ని మోసం చేయించే ముఠా. మా చెల్లెలి కొడుకూ చిక్కాడు. తిరిగొచ్చాడు గానీ కుడిచెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. మగ్గం మీద తెగిన పోగు అతకలేడు.

సదానందాన్ని పోలీసులు దేశం సరిహద్దు అవతల పట్టుకున్నారు. ఏ కోర్టు కాగితమూ లేకుండా, కళ్లకు గంతలు కట్టి తెచ్చి, మా మిల్లులో మూతపడ్డ పాత గోదాములో ఎనిమిది రోజులు దాచారు. రెండు పూటలా అన్నం పట్టుకెళ్లింది నేనే. తొమ్మిదో రోజు పొద్దున సూరత్ రైల్వే స్టేషన్లో దొరికాడని పంచనామా రాశారు. సాక్షి కావాలంటే పోలీసులు మిల్లు నుంచి ఎప్పుడూ పిలిచేది నన్నే. తెలుగులో సంతకం పెట్టి, గుజరాతీ చదవడం రాదంటాను. రేపేదైనా వస్తే తప్పించుకోవడానికి మా మేస్త్రీలందరం చేసే పనే అది. నిజానికి నాకు గుజరాతీ బాగానే వచ్చు. అంతా చదివే సంతకం పెట్టాను. కోర్టులో ప్రమాణం చేసి, స్టేషన్లో పట్టుకోవడం కళ్లారా చూశానన్నాను. శిక్ష పడింది. తనని తెచ్చిన తీరే తప్పని అతను అప్పీలు చేశాడు. ఇప్పుడు నేను నిజం చెబితే కేసు నిలుస్తుందా? అతను బయటికొస్తే మేనల్లుడి ముఖం ఎలా చూడాలి?

ఆ అబద్ధానికైతే ఏదో ఒక సమాధానం చెప్పుకోగలను. అసలు సంగతి వేరే ఉంది.

అయిదో రోజు అతను అన్నం ముట్టలేదు. బతికున్నానని భార్యకు ఒక్క మాట చేరవేయమని ఏడ్చాడు. నేను చెయ్యలేదు. కోపమా? భయమా? రెండూ ఉన్నాయి. కొంచెం సంతోషం కూడా ఉంది, ఎందుకు దాచాలి? మా చెల్లెలు ఏడ్చిన ఏడుపు ఆ ఇంట్లోనూ వినిపించాలనుకున్నాను.

మరునాడు షిఫ్టు దిగేసరికి అతని భార్య సరోజ మిల్లు గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమెకు ఏ పాపమూ తెలియదు.

"అన్నా, ఆయన ఫోన్ బంద్ అయ్యి పది దినాలాయె. దవాఖానల ఎవలో తెల్వని పీనుగలున్నయట. ఒక్కదాన్నే పోలేను. జర నువ్వొస్తవా?"

"పా, పోదాం" అన్నాను.

తెలిసీ వెళ్లాను. మార్చురీలో మూడు శవాల మీద గుడ్డ తీశారు. తీసిన ప్రతిసారీ ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెతో పాటు నేనూ వంగి చూశాను. బయటికొచ్చాక మెట్ల మీద కూలబడి, నాకు దండం పెట్టింది.

ఆమెను ఇంటి దగ్గర దింపి, గోదాముకు అన్నం పట్టుకెళ్లాను. సరోజకు చెప్పావా అని సదానందం అడిగాడు. చెప్పానన్నాను. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

క్షమించమని ఇది రాయలేదు. మీరు క్షమించినా ఆమె ఆ మూడు ముఖాలూ చూడనట్టు అయిపోదు. ఒక్క మనిషికైనా తెలియాలనిపించింది, ఇప్పుడు తెలిసింది. కాసేపు పడుకుంటాను.