అవ్వ తలుపు తీస్తే తొమ్మిదడుగుల పల్లం

చదువు ముగిసి పట్టా చేతికొచ్చిన మొదటి ఏడాది మనిషికుండే ధైర్యం మళ్ళీ ఏ వయసులోనూ రాదనుకుంటాను. ఇప్పుడు ఎవరైనా ఇంటి ప్లాను గీసిమ్మంటే స్థలం చూడాలి, మట్టి చూడాలి, వాన నీళ్ళు ఎటు పోతాయో చూడాలి అంటూ నెల రోజులు గడువడుగుతాను. ఆ రోజుల్లో అయితే కాగితం, పెన్సిలు, స్కేలు ఉంటే చాలు, ఊరికి ఊరే గీసి ఇచ్చేసేదాన్ని. అప్పటికి సివిల్ ఇంజినీరింగు పూర్తిచేసి, తిరుపతిలో ఒక ఇంజినీరు గారి ఆఫీసులో చేరి మూడు నెలలయింది. ఆ మూడు నెలల్లో నేను చేసిన పనల్లా ఆయన గీసిన ప్లాన్లలో తలుపులకూ కిటికీలకూ నంబర్లు వేయడం. (ఒకసారి కిటికీకి తలుపు నంబరు వేస్తే వడ్రంగి నిజంగానే అక్కడికి తలుపు చేసుకొచ్చాడు. ఆ సంగతి ఇప్పుడు అనవసరం.) అయినా పూతలపట్టులో మా నాయన అంగడికి వచ్చే ప్రతి మనిషికీ ఆయన కూతురు తిరుపతిలో మిద్దెలు కట్టిస్తోందని తెలుసు.

నాయనది కూడలిలో విత్తనాల అంగడి. మెతక మనిషి. గుప్పెడు వేరుశనగ విత్తనం అరచేతిలో వేసుకుని ఏది మొలకెత్తుతుందో, ఏది తాలో చెప్పగలడుగానీ ఎదుటి మనిషి ముఖం మీద కాదని చెప్పలేడు. ఏర్పేడు దగ్గర ఏదో పెద్ద కాలేజీ వస్తోందనీ, పిల్లలూ పంతుళ్ళూ వందలమంది దిగుతారనీ, వాళ్ళందరికీ బాడుగ ఇళ్ళు కావాలనీ మా చిన్నాయన ఎక్కడో విని వచ్చి చెప్పాడు. నాయన తన వాటాకొచ్చిన మామిడితోట అమ్మేసి ఏర్పేడుకు కాస్త ఇవతల రోడ్డు పక్కన ఒక స్థలం కొన్నాడు. మేముండటానికి ఒక ఇల్లు, బాడుగకివ్వడానికి రెండు పోర్షన్లు. అంగడిలో కూర్చునే ఓపిక తగ్గాక ఆ పోర్షన్లే తనకూ అమ్మకూ ఆసరా అని ఆయన ఆలోచన. తోట పోయింది కాబట్టి ఈ ఇల్లు దెబ్బతింటే ఆదుకోవడానికి ఇంకేమీ లేదు. చిన్నాయన తిరుపతిలో పేరున్న ఇంజినీరు చేత ప్లాను గీయిద్దామన్నాడు. నాయన ఒప్పుకోలేదు. "ఇంట్లో ఇంజినీరును పెట్టుకోని ఊర్లో వాళ్ళ కాడికి పోతే బాగుంటాదా రా?" అన్నాడట. అమ్మ ఆ మాట ఫోనులో చెప్పినప్పుడు నేను రెండంగుళాలు పొడుగు పెరిగినట్టనిపించింది.

ఒక ఆదివారం నాయనతో కలిసి స్థలం చూడటానికి వెళ్ళాను. చూడటానికి అక్కడ సర్కారు తుమ్మ కంప తప్ప ఏమీ లేదు. రోడ్డు మీద నిలబడి చూస్తే ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడుమెత్తున, పచ్చగా, ఎవరో కత్తెరతో కత్తిరించినంత సమంగా పరుచుకుని ఉంది. (పల్లంలో మొలిచిన చెట్లు ఎండ కోసం నిలువునా పెరిగి, మెరక మీది చెట్లతో తలలు సమం చేసుకుంటాయని నాకు ఏ సెమిస్టరులోనూ చెప్పలేదు.) లోపలికి దిగుదామంటే ముళ్ళు. నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు చికిలించి, మా ఆఫీసు ఇంజినీరు గారు చూసినట్టే రెండు నిమిషాలు గంభీరంగా చూశాను. కొలతలడిగితే వెడల్పు నలభై అడుగులు, రోడ్డు నుంచి వెనక్కి అరవై అన్నాడు నాయన. నోటు పుస్తకంలో రాసుకున్నాను. సర్వే అయిపోయింది.

తర్వాతి మూడు వారాలూ నేనుండే గది నేల మీద బోర్లా పడుకుని గీశాను. కింద మా ఇల్లు, దాని మీద మేడలో రెండు పోర్షన్లు. అమ్మ కోరిందల్లా పోర్షన్ల వాళ్ళ మెట్లు వంటింటి కిటికీలోంచి కనబడాలని. ఎవరొస్తున్నారో, చేతిలో ఏం పట్టుకొస్తున్నారో తెలియాలి కదా. చిన్నాయన కారు నిలపడానికి చోటు కావాలన్నాడు. మా వంశంలో ఎవరికీ కారు లేదు. అవ్వకు మాత్రం వంటింటికి వెనక తలుపు కావాలి, తలుపు తీస్తే నేరుగా పెరట్లో కాలు పెట్టాలి, అక్కడ రోలుండాలి, మిరపకాయలు ఎండబెట్టుకునే జాగా ఉండాలి. అంతవరకూ బాగానే ఉంది. మేడ మీద బాడుగ వాళ్ళుంటారనగానే ఆమె ముఖం మాడిపోయింది. ఎవరో తెలియని వాళ్ళు తన నెత్తిన నడుస్తా ఉంటే తనకు అన్నం దిగదంది. స్లాబు ఎంత మందం ఉంటుందో, అందులో ఇనుప కమ్మి ఎంత వేస్తారో నేను వివరంగా చెప్పాను. అవ్వ అంతా విని, కమ్మి ఎంత వేసినా నడిచేది నెత్తి మీదే కదా అంది. నాయన ఏమీ అడగలేదు. బలవంతం చేస్తే, వాన పడేటప్పుడు కూర్చోడానికి ఇంటి ముందు అరుగుంటే చాలన్నాడు.

పునాదులకు ముగ్గు పోసే రోజు వచ్చింది. అందరం పొద్దున్నే బయల్దేరి వెళ్ళాం. మేస్త్రీది తమిళనాడు సరిహద్దులో పల్లె. సన్నగా, తక్కువ మాటలతో ఉంటాడు. ఎప్పుడూ చంకలో ఎత్తుపల్లాలు చూసే మట్టం కర్ర పెట్టుకుని తిరుగుతాడు కాబట్టి అందరూ మట్టం మేస్త్రీ అంటారు. టీ కొట్టు బల్ల మీద కూర్చోబోయే ముందు కూడా దాని మీద మట్టం పెట్టి చూస్తాడని చెప్పుకునేవాళ్ళు. కంప తీయడానికి జేసీబీ వచ్చింది. నేను ప్లాను చుట్ట చంకలో పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. జేసీబీ కంపను నెట్టుకుంటూ ముందుకు పోయింది. కాసేపటికి దాని చక్రాలు కనబడలేదు. ఇంకాసేపటికి ముందు తొట్టి కనబడలేదు. చివరికి డ్రైవరు తలగుడ్డ ఒక్కటీ ఎర్రగా అటూ ఇటూ తిరుగుతోంది. "ఎందుకు నాయనా వాడు అంత లోతు తవ్వుతున్నాడు?" అని అడిగాను. నాయన నా వైపు చూసి, మళ్ళీ తలగుడ్డ వైపు చూశాడు. కంపంతా పక్కకు పడ్డాక చూస్తే, మా స్థలం రోడ్డు దగ్గర మొదలై జారుడుబల్లలా వెనక్కి దిగిపోయి ఉంది. అడుగున ఒక బండి దోవ. ఆ దోవలో ఒక మేక తలెత్తి మమ్మల్ని చూస్తోంది.

మేస్త్రీ నా ప్లాను తీసుకుని నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. చాలాసేపు చూశాడు. వేలితో ముందు గది, నడవ, వంటిల్లు ఒక్కొక్కటే దాటుకుంటూ పోయి వంటింటి వెనక తలుపు దగ్గర ఆగాడు. ఆ మనిషి నన్ను ఎగతాళి చేయాలనుకోలేదని ఇప్పటికీ నమ్ముతాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"అమ్మణ్ణీ, అవ్వ ఈ తలుపు తీసి కాలు యాడ పెడతాది?"

అందరూ పల్లం వైపు చూశారు. అవ్వ అంచు దాకా పోయి తొంగి చూసి, "నేను ఇంత దూరం దూకలేనమ్మా" అంది.

తప్పయిందని అప్పుడే ఒప్పుకుని ఉంటే సగం పరువైనా దక్కేది. నేను ఒప్పుకోలేదు. గొంతు సవరించుకుని, ఇదంతా లెక్కలోనే ఉందనీ, పల్లంలో మట్టి తోలించి సమం చేసుకోవడమేననీ అన్నాను. మేస్త్రీ తల ఊపాడు. "తోలొచ్చు అమ్మణ్ణీ. నేను సూసిన పగిలిపోయిన మిద్దెలన్నీ అట్లా తోలిన మట్టి మీద కట్టినవే" అన్నాడు. చిన్నాయన ఫోను తీసుకుని పక్కకు పోయాడు. ఎవరికి చేస్తున్నాడో అడగక్కర్లేదు. ముహూర్తం మించిపోతోందని అమ్మ తొందరపెడితే నాయన రోడ్డు అంచున టెంకాయ కొట్టాడు. ఒక చిప్ప చేతిలో ఉంది, రెండోది జారి, దొర్లుకుంటూ మా స్థలమంతా కొలిచి అడుగున బండి దోవలో ఆగింది. మేక దాన్ని తీరిగ్గా వాసన చూసి తినడం మొదలుపెట్టింది. మా ఇంటి శంకుస్థాపన ప్రసాదం మొదట అందుకున్నది ఆ మేకే.

తిరుగు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని ముఖం బయటికి పెట్టుకున్నాను. ఏడుస్తున్నానని ఎవరికీ తెలియకూడదని. (వెనక సీటావిడ కూడా నాకు మంచినీళ్ళ సీసా అందించిందంటే ఎంత బాగా దాచుకున్నానో తెలుస్తుంది.) నాయన తోట మామిడి చెట్లు ఒక్కొక్కటీ కళ్ళ ముందు నిలబడుతున్నాయి. బస్సు రేణిగుంట దాటింది. నాయన నా ఒళ్ళో ముద్దయిపోయిన ప్లాను తీసుకుని, మోకాలి మీద పెట్టి సాపు చేసి, జాగ్రత్తగా మడిచి ఇచ్చాడు.

"పెట్టుకో. మళ్ళా గీసేటప్పుడు కొలతలకు పనికొస్తాది."

అంతే. ఇంకో ఇంజినీరు మాట ఎత్తలేదు. ఆ రాత్రి చిన్నాయన ఎత్తితే, పాప గీస్తా ఉండాది కదా, ఉండు అన్నాడని అమ్మ తర్వాత చెప్పింది.

మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాను. నేనూ, మట్టం మేస్త్రీ, వద్దన్నా వినకుండా బయల్దేరిన అవ్వ. మేస్త్రీ ఒక పొడుగాటి సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి తెచ్చాడు. ఒక కొస ఆయన పట్టుకుని రోడ్డు దగ్గర, రెండో కొస నేను పట్టుకుని పల్లంలో. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి కాబట్టి, ఎక్కడ ఎంత దిగుడుందో దాంతో తేలిపోతుంది. గొట్టంలో చిన్న గాలిబుడగ ఉన్నా లెక్క తప్పుతుందని ఆయన దాన్ని వేలితో తట్టి తట్టి బయటికి పంపడం నేర్పాడు. నాలుగేళ్ళు చదివిన దానికన్నా ఆ పొద్దు ఎక్కువ నేర్చుకున్నానంటే అతిశయోక్తి అవుతుందిగానీ, నేల మీద పనికొచ్చింది మాత్రం అదే. పన్నెండు గంటలకు తేలిన లెక్క: ముందు నుంచి వెనక్కి తొమ్మిదడుగుల దిగుడు.

అవ్వ అప్పటికే మెల్లగా కిందికి దిగిపోయి, బండి దోవ పక్కన వేపచెట్టు నీడలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. మళ్ళీ పైకి ఎక్కలేనని, సద్ది అక్కడికే తెమ్మని కేకేసింది. ముగ్గురం అక్కడే సంగటి తిన్నాం. అవ్వ చెయ్యి కడుక్కుంటూ చుట్టూ చూసింది.

"ఈడ సల్లగా ఉండాది. దోవ గూడా ఉండాది. బాడుగోళ్ళకు ఈడే తలుపు పెట్టకూడదా మే? నా నెత్తిన ఎక్కకుండా నా కాళ్ళ కింద ఉంటారు."

నేను మేస్త్రీ వైపు చూశాను. మేస్త్రీ పైకి, రోడ్డు వైపు చూశాడు. తర్వాత లేచి, చెయ్యి తుడుచుకోకుండానే నేల మీద పుల్లతో గీత గీశాడు. ఇంకొంచెం తవ్వి, మట్టి మీద పడకుండా రోడ్డు వైపు గట్టి రాతి గోడ కడితే, వెనక సగంలో మా ఇంటి కిందనే రెండు పోర్షన్లు. వాళ్ళ తలుపులు కింది దోవలోకి, మా తలుపు పై రోడ్డు మీదికి. ఎవరూ ఎవరి నెత్తిన నడవరు. (అంటే మేం నడుస్తాం. ఆ మాట ఆ రోజు ఎవరికీ తట్టలేదు.) ఆ వారమంతా కూర్చుని కొత్త ప్లాను గీసి, ఈసారి సిగ్గు విడిచి మా ఆఫీసు ఇంజినీరు గారికి చూపించాను. జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వాపుకుంటూ రాతి గోడను మందం చేయించి, వెనక నీరు నిలవకుండా అందులో కన్నాలు పెట్టించి, తన ప్లానునే దిద్దుకున్నంత శ్రద్ధగా దిద్దిపెట్టారు.

ఇల్లు లేచింది. అవ్వ వెనక తలుపు బాల్కనీ అయింది. మిరపకాయలకు అంత ఎండ తగిలే చోటు పెరట్లో కూడా దొరికేది కాదు. కింది దోవ తూర్పున ఉండటంతో తూర్పు వాకిలి బాడుగ వాళ్ళకు పోయిందని, మన అదృష్టమంతా వాళ్ళే పట్టుకుపోతారని చిన్నాయన కొన్నాళ్ళు నసిగాడు. కింది పోర్షనులోకి మొదట దిగింది కాలేజీలో పరిశోధన చేసే ఒక అమ్మాయి, ఆమె భర్త. నెల తిరక్కుండానే ఒక పొద్దున ఆ అమ్మాయి కళ్ళు నులుముకుంటూ మెట్లెక్కి వచ్చి, రోజూ తెల్లారకముందే పైన ఎవరో గోడ పగలగొడుతున్నట్టుందని చాలా మర్యాదగా చెప్పింది. అది అవ్వ రోలు. నెత్తి మీద మనుషులు నడుస్తారని అన్నం మానుకోబోయిన మనిషి, వాళ్ళ నెత్తి మీద రోకలి పోటు వేస్తోంది. అవ్వ అప్పుడే నూరిన ఊరిబిండి పచ్చడి గిన్నెలో పెట్టి ఆ అమ్మాయి చేతికిచ్చింది. మర్నాడు గిన్నె కడిగి తెచ్చినప్పుడు ఆ పిల్ల రోలు మాట ఎత్తలేదు. ఇవాళ ఇంకా నూరలేదా అని మాత్రం అడిగింది.

ఇదంతా జరిగి పదేళ్ళవుతోంది. ఇంటికి ఎవరొచ్చినా నాయన ముందు రోడ్డు మీద నిలబెట్టి చూపిస్తాడు, తర్వాత చుట్టూ తిప్పి కింది దోవలోంచి చూపిస్తాడు. పల్లాన్ని చూడగానే తన కూతురు ఈ ఆలోచన చేసిందనీ, మట్టి తోలకుండా ఇల్లు నిలబెట్టిందనీ చెబుతాడు. పోయిన నెల ఎవరో చుట్టాలకు అలాగే చెప్పి పంపించాక అరుగు మీద ఇద్దరమే మిగిలాం. ఇన్నేళ్ళ తర్వాత అడిగాను, ఎందుకు నాయనా అట్లా చెప్తావు, నేను పల్లమే చూడలేదని నీకు తెలుసు కదా అని.

నాయన అప్పుడు బయటపెట్టాడు. కొనకముందు ఆ కంపలో కింద నుంచి పైకి రెండుసార్లు నడిచాడట. పంచె చినిగిందట. పల్లం ఎంతుందో ఆయనకు మొదటినుంచీ తెలుసట.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు సదువుకున్నదానివి. నాకు తెలిసింది నీకు తెలీకుండా ఉంటాదా అనుకున్నా. పల్లం లేకుండా గీస్తే అదేదో కొత్త రకం సదువేమో అనుకున్నా" అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వన్నా ఒక మాట అడగాల్సింది" అన్నాడు.

అడగాలనే అనుకున్నాను ఆ ఆదివారం. లోపల నేల ఎట్లా ఉంది నాయనా అని నోటిదాకా వచ్చింది. ఇంజినీరు అయ్యుండి విత్తనాల అంగడాయన్ని అడగడమా అని మింగేశాను. ఇంత చదివిన కూతురికి చెప్పడమా అని ఆయన మింగేశాడు. ఇద్దరం ఒకరి మీద ఒకరికి అంత గౌరవంతో ఆ కంప ముందు నిలబడి, బస్సు టైమయిందని వచ్చేశాం. చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఇద్దరికీ నవ్వాగలేదు. అమ్మ బయటికొచ్చి ఏమైందని అడిగితే నాయన కింది దోవ వైపు చెయ్యి చూపించి మళ్ళీ నవ్వాడు.

ఆ తర్వాతి వారం ఇంకెవరో వచ్చారు. నాయన వాళ్ళను తీసుకుని కింది దోవలోకి బయల్దేరాడు. ఈసారి కథలో, మా పాప స్థలమంతా ముళ్ళల్లో నడిచి చూసుకునిందనే మాట కూడా కొత్తగా చేరింది. నేను వెనకే నడుస్తూ విన్నాను. కాదనలేదు. ఇరవై రెండేళ్ళ ఆ పిల్లను ఇన్నేళ్ళూ ఆయన కాపాడుకొచ్చాడు, ఇప్పుడు నేను పట్టివ్వడం ఏం బాగుంటుందనిపించింది.