మా వదిన పాత చేసిన ట్యాంకు

మొన్న పొద్దున పేపరు ఇంకా సగం కూడా చదవకముందే వదిన ఫోన్ చేసింది. “మరిదీ, కార్డు పాతగైతున్నది. అక్షరాలు పోతున్నయ్. ఏం జెయ్యాలె?” అంది. గొంతులో నిజమైన కంగారు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వదిన అంటే మా ఆవిడకు అక్క. ముప్ఫై ఏళ్లకు పైగా ఫిల్మ్‌నగర్‌లో కాస్ట్యూమ్స్ విభాగంలో పనిచేసింది. ఆవిడ పని బట్టలు కుట్టడం కాదు, కుట్టినవాటిని పాత చేయడం. నిన్న కుట్టిన చొక్కాని ఒక రైతు పదేళ్లు తొడిగినట్టు, ఇవాళ కొన్న చీరని ఇద్దరు అక్కచెల్లెళ్లు మార్చిమార్చి కట్టుకున్నట్టు చేయాలి. టీ డికాషన్, ఇటుక పొడి, గరుకు కాగితం, ఇంటి ముందు బండరాయి ఆవిడ పనిముట్లు. అలాంటి మనిషికి జానెడు అట్టముక్క ఒకటి రంగు మారుతోందని దిగులు. సాయంత్రం వస్తానన్నాను. “జల్ది రా. మళ్ల ఎండ పడ్తది” అని పెట్టేసింది.

ఆ కార్డు గురించి చెప్పాలంటే ముందు ట్యాంకు గురించి చెప్పాలి. పత్రికలో డెస్కు మీద ఉన్నన్నాళ్లూ నేను చాలా ట్యాంకుల్ని చాలా సరిహద్దులు దాటించాను. ఇంగ్లిషులో వార్త వచ్చేది, నేను తెలుగులో ‘ట్యాంకులు దూసుకెళ్లాయి’ అని రాసేవాణ్ని. నా చేతిలో ఏ ట్యాంకూ ఎప్పుడూ మెల్లగా వెళ్లలేదు. అయితే దాన్లో ఎంతమంది పడతారో, ఏ పక్కనుంచి ఎక్కుతారో నాకు తెలియదు, అడిగినవాళ్లూ లేరు. రిటైరయ్యాక ఒకరోజు మనవరాలికి రంగు పెన్సిళ్లు కొందామని బంజారాహిల్స్‌లో ఒక దుకాణానికి వెళితే, అట్టపెట్టె మీద ఎడారిలో నిలబడిన ట్యాంకు బొమ్మ కనిపించింది. మన సైన్యం ఒకప్పుడు వాడిన రకమే, అసలు దాన్లో ముప్ఫై అయిదో వంతు. ఇంటికి తెచ్చి విప్పితే వందల ప్లాస్టిక్ ముక్కలు, చట్రాలకు పచ్చి చింతకాయల్లా వేలాడుతున్నాయి.

జూబ్లీహిల్స్‌లో మాది పత్రికలవాళ్ల కాలనీలో పాత చిన్న ఇల్లు. చుట్టూ లేచిన మేడల మధ్య, పెద్ద శీర్షికలో పొరపాటున పడిన చిన్న అక్షరంలా ఉంటుంది. భోజనాల బల్ల సగం ట్యాంకుకి వదిలేసి, మిగతా సగంలో ఇద్దరం సర్దుకున్నాం. ఒకరోజు మా ఆవిడ పప్పులోంచి చిన్న కొక్కెం ఒకటి తీసి, పళ్లెం అంచున పెట్టి, “మీ ఫౌజుది” అంది. నెల దాటాక చక్రాలు, గొలుసులు, ఫిరంగి అన్నీ కుదిరాయి. ఇసుక రంగు వేశాను. ఆ తర్వాతది అసలు విద్య. కొత్త బొమ్మని ఎండా దుమ్మూ తిని వచ్చినదానిలా చూపించాలి. ఈ సరదా ఉన్నవాళ్లు దాన్ని వెదరింగ్ అంటారు. నేను చలిదేశాల వాళ్లెవరో చేసిన వీడియోలు చూసి, ఎక్కడ పడితే అక్కడ తుప్పూ బురదా పూసి, బాగానే వచ్చిందనుకున్నాను.

ఆ ఆదివారం మా ఇంటికి వచ్చిన వదిన బల్ల దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుని చూసింది. “గిదేంది మరిదీ, దీనికి తట్టు పోసిందా?”

“పాతబడిందని చూపించడానికి, వదినా.”

“పాతబడ్డట్టు లేదు. రోగమొచ్చినట్టున్నది.” కుర్చీ లాక్కుని కూర్చుంది. “అంగీ అంతట ఒక్కతీరుగ పాతబడ్తదా? కాలర్ కాడ చిరుగుతది, జేబు అంచున నల్లగైతది. మనిషి చెయ్యి యాడ పడ్తదో గాడనే పాతబడ్తది. దీంట్లకు మనుషులు ఎట్లెక్కుతరు? ఏ కాలు ముందు పెడ్తరు?”

తెలియదన్నాను.

“తెల్వకుంట ఎట్ల పాత చేసినవ్?”

నా ఉద్యోగకాలం మొత్తంలో ఏ ఎడిటరూ నన్ను అంత సూటిగా అడగలేదు. ఆవిడ లెక్క ఎప్పుడూ అంతే. ఒక సినిమాలో హీరో లారీ డ్రైవరు. అందరూ చొక్కా మొత్తం వెలిసిపోతే చాలనుకుంటే, వదిన కుడి మోచెయ్యి దగ్గర గుడ్డని మరింత వెలిసేలా చేసింది. కిటికీ మీద ఆనేది, ఎండ తినేది ఆ చెయ్యే కదా అని. తెరమీద అది ఎవరూ గమనించలేదు. “ఎవ్వలు చూడకున్నా అంగీకి తెలుస్తది గద” అంది.

అంత పనికీ ఆవిడ పేరు ఎన్నడూ తెరమీద పడలేదు. కాస్ట్యూమ్స్ అని మాస్టరు పేరు పడేది, ఆయన కింద పనిచేసినవాళ్లు ఆయన కిందే ఉండిపోయేవాళ్లు. ఒక్కసారి మాత్రం, ఈసారి నీ పేరు వేస్తామని ప్రొడక్షన్ మేనేజరు మాటిచ్చాడు. కుటుంబమంతా టోలిచౌకి వైపు ఒక థియేటరుకి మ్యాట్నీకి వెళ్లాం. మా మామగారు జేబులో కర్పూరం బిళ్లలు వేసుకొచ్చారు. హీరోల పేర్లకు అభిమానులు హారతివ్వగా లేనిది, కూతురి పేరుకు తండ్రి ఇస్తే తప్పేమిటని ఆయన వాదన. పేర్లు వచ్చాయి, వెళ్లాయి. మాస్టరు పేరు వచ్చింది, వెళ్లింది. కర్పూరం జేబులోనే ఉండిపోయింది. సినిమా నడిచినంతసేపూ మా వరసంతా గుడి వాసన. వదిన కొంగు ఒకసారి సర్దుకుని, “ఏంగాదు, బొమ్మ మంచిగున్నది” అంది. తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆవిడ మాత్రం ఈనాటికీ ఏ సినిమాకి వెళ్లినా చివరి పేరు వెళ్లిపోయేదాకా కుర్చీలోంచి లేవదు.

మా ఎదుటి బంగళా ఒక నిర్మాతగారిది. అక్కడ గేటు దగ్గర ఉండే పెద్దాయన మాజీ సైనికుడు. హవల్దారు గారూ అని పిలిస్తే, “హవల్దారు కాదు సార్, దఫేదారు. ట్యాంకుల రెజిమెంట్లలో అలాగే అంటారండీ” అని సరిదిద్దేవారు. అన్నేళ్లూ నేను దాన్ని ఆయన పట్టింపు అనుకున్నాను తప్ప, అందులో ఒక వార్త ఉందని పట్టుకోలేదు. వదిన ప్రశ్న పడ్డాకే నాకు వెలిగింది. ట్యాంకుని పళ్లెంలో పెట్టుకుని ఇద్దరం రోడ్డు దాటాం.

దఫేదారు గారు పళ్లెం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. “ఇసుక రంగేసి తుప్పు పూశారేంటి సార్? ఎడారిలో ఇసుక ఇనుముని తోమేస్తుందండీ, గొలుసులు వెండిలా మెరుస్తాయి. ఇంత తుప్పు చూస్తే మా రిసాల్దార్ సాబ్ తోలు వలిచేవారు.”

“నీ తోలు ఉన్నదిలే మరిదీ” అంది వదిన నాతో. ఆయనతో, “ఎట్లెక్కుతరో జర చూపియ్యన్నా” అంది.

ఆ బంగళా ముందు, ఇల్లు కట్టేటప్పుడు పగలగొట్టకుండా వదిలేసిన నిలువెత్తు రాతిగుండు ఒకటి ఉంది. వదిన దాన్నే ట్యాంకు అనుకోమంది. నిర్మాతగారు షూటింగులో ఉన్నారు. దఫేదారు గారు అటూ ఇటూ చూసి, టోపీ తీసి నా చేతికిచ్చి, ఒక్క ఊపులో గుండెక్కారు. అరవై దాటిన మనిషి. కింద నిలబడ్డ నాకు ఆయాసం వచ్చింది, ఆయనకు రాలేదు. వదిన సంచిలోంచి టైలరు సుద్ద తీసి, ఆయన పాదం పడినచోటల్లా, చెయ్యి పడినచోటల్లా రాతి మీద గీత పెట్టింది. మళ్లీ ఎక్కమంది. మూడోసారి ఎక్కాక అడిగింది, “అన్నా, ఎడమ చెయ్యి వేసే ముందు ప్రతిసారి జర ఆగుతున్నవ్. ఎందుకు?”

ఆగుతున్నట్టు ఆయనకే తెలియదు. గుండు మీద కూర్చుని కాసేపు ఆలోచించి నవ్వేశారు. “అక్కడ పట్టుకోడానికి కడ్డీ ఉంటుందమ్మా. మధ్యాహ్నం ఎండకి కాలిపోయేది. అందుకని గుడ్డ చుట్టుకునేవాళ్లం. అది ఊడిపోయిందేమో చూసి పట్టుకునేవాణ్ని.”

“ఏం గుడ్డ?”

“నాది పాత బనీను ముక్కండీ.”

ఇరవై ఏళ్ల కిందట సైన్యం వదిలినా, ఆయన చెయ్యి ఇంకా ఆ గుడ్డ కోసం ఆగుతోంది. వదిన సుద్దతో అక్కడ మిగతావాటికన్నా పెద్ద గీత పెట్టింది.

తర్వాత రెండు వారాలు మధ్యాహ్నాలు మా బల్ల దగ్గర ఆవిడదే రాజ్యం. నా తుప్పంతా తుడిచేసింది. బూటు పడేచోట రంగుని గరుకు కాగితంతో మాసిపోయేలా అరగదీసింది. పొగగొట్టం దగ్గర దీపం మసి అద్దింది. దుమ్ముకి ముల్తానీ మట్టి. “మొఖానికి పూసుకునేది దీనికి పూస్తున్న. నాకన్న దీనికే మంచిగున్నది” అని మా ఆవిడతో నవ్వింది. ఆఖరున గోరంత మల్లుగుడ్డని డికాషన్‌లో ముంచి, ఆరబెట్టి, చెమట పట్టిన మెరుపు రావడానికి చుక్క కొబ్బరినూనె రాసి, సూదిమొనతో ఆ కడ్డీకి చుట్టింది.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. బంజారాహిల్స్‌లో ఇలాంటి బొమ్మల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, వదిన చెయ్యి పడకముందే నేను ఫారం నింపి పంపేశాను. తయారుచేసినవారు అన్నచోట నా పేరు. తర్వాత మార్చమని అడిగితే, ఒక్క పేరుకే చోటుంది, గడువు కూడా అయిపోయిందన్నారు. నేను సరేనన్నాను. ఆ మాట నాకు కొత్త కాదు. ఊళ్లనుంచి వార్తలు పంపిన ఎంతమంది విలేకరుల పేర్లు ‘చోటు లేదు’ అని నా చేత్తోనే కొట్టేశానో.

ప్రదర్శన రోజు వదిన గంజి పెట్టిన కొత్త గద్వాల చీర కట్టుకుంది. దఫేదారు గారు గేటుని డ్రైవరుకి అప్పగించి ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. ట్యాంకు ముందు అట్ట కార్డు మీద నా పేరు అచ్చై ఉంది. వదిన చదివింది. “మంచిగ రాసిండ్రు” అని కొంగు సర్దుకుంది. ఆ కొంగు అలా సర్దుకోవడం నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, థియేటర్లో.

న్యాయనిర్ణేత ఒక రిటైర్డ్ కల్నల్. భూతద్దంతో మా ట్యాంకు మీద వంగినవారు చాలాసేపు లేవలేదు. “ఈ గుడ్డ ఎవరు కట్టారు? ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ కడ్డీకి చెయ్యి కాల్చుకున్నవాడికే తెలుస్తుంది” అన్నారు. వెనక మడమలు తగిలిన చప్పుడు. “జై హింద్ సాబ్” అన్నారు దఫేదారు గారు. కల్నల్ నిటారుగా లేచి ఆయన్ని ఎగాదిగా చూసి, భూతద్దం ఎడమచేతికి మార్చుకుని, చెయ్యి కలిపారు.

వెదరింగ్‌లో మొదటి బహుమతి అని ప్రకటించి, నిర్వాహకుడు మైకులో నా పేరు చదివాడు. నేను వెళ్లి కప్పు తీసుకోలేదు, మైకు తీసుకున్నాను. “ఒక సవరణ” అన్నాను. పత్రికలో సవరణంటే లోపలి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేసేవాళ్లం. ఇది మాత్రం గొంతెత్తి చెప్పాను. “ముక్కలు అతికించింది నేను. బహుమతి వచ్చింది పాతదనానికి. ఆ పని నాది కాదు, మా వదినది” అని ఆవిడ పేరు చెప్పాను. సరిగా వినపడలేదేమోనని ఇంకోసారి చెప్పాను.

“అంకుల్, ఫారంలో మీ పేరే ఉంది కదా. కార్డు కూడా ప్రింటైపోయింది” అన్నాడు నిర్వాహకుడు.

“కార్డు మీద చోటుంది బాబూ, ఇటివ్వు.”

డెస్కులో కొట్టేసినట్టే నా పేరు మీద ఒక్క గీత గీశాను. స్కెచ్ పెన్ను తీసుకుని అడిగాను, “ఇంటిపేరు ఏది రాయమంటారు వదినా, పుట్టింటిదా, అత్తింటిదా?”

“ఏదొద్దు. నా పేరొక్కటే రాయి. పెద్దగ రాయి.”

రాశాను. కింద కల్నల్ సంతకం పెట్టారు. చప్పట్లలో దఫేదారు గారివి వేరుగా వినిపించాయి. వదిన కప్పుని మా ఆవిడ చేతిలో పెట్టేసి, కార్డుని మాత్రం రెండు చేతులా పట్టుకుని కుట్టు సరిచూసినట్టు చూసుకుంది. “అక్షరాలు జర సక్కగ రాయొద్దా మరిదీ” అంది. కళ్లు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. ఆ సాయంత్రం ఫిల్మ్‌నగర్‌లో వాళ్లింట్లో, గుమ్మానికి ఎదుటి గోడకి కార్డుని ఒక పాత ఫ్రేములో పెట్టి తగిలించాక, మా ఆవిడ పర్సులోంచి కర్పూరం బిళ్ల తీసింది. పొద్దున్నే వేసుకుని వచ్చిందట. తండ్రి కూతురే.

ఆ పేరు ఇక్కడా రాద్దామనుకున్నాను. వదిన ఒప్పుకోలేదు. “పేపర్ల చదివి ఊకుంటరు. చూడాలనుకున్నోళ్లను ఇంటికి రానియ్యి.”

మొన్న సాయంత్రం వెళ్లి చూస్తే నిజమే. పడమటి గుమ్మంలోంచి వచ్చే ఎండ సరిగ్గా ఆ గోడ మీదే పడుతోంది. అచ్చులో ఉన్న నా పేరు గీత కింద నిక్షేపంగా ఉంది, నేను స్కెచ్ పెన్నుతో రాసిన ఆవిడ పేరు మాత్రం పలచబడింది. మళ్లీ దిద్దుతానన్నాను. “దిద్దితె నకిలీ అయితది. నకిలీ పని నాకు తెల్వదా?” వేరే గోడకి మార్చమన్నాను. “గాడ పెడ్తె వచ్చినోళ్లకు ఎట్ల కనపడ్తది?” వదిన గుమ్మంలోని ఎండ వంక ఒకసారి చూసింది. అప్పుడు లేచి, పెట్టెలోంచి మెరూన్ మఖ్మల్ ముక్క తీసింది. ఏదో రాజుగారి అంగీలో మిగిలిందట. అరగంటలో అంచు కుట్టి, రింగులు తగిలించి, దారం కట్టి, ఫ్రేముకి చిన్న తెర వేసింది. అంతలో పక్కింటావిడ చక్కెర కోసం వచ్చింది. వదిన చక్కెర సంగతి మరిచి, ముందు దారం లాగింది. తెర పక్కకి జరిగింది. పక్కింటావిడ ఆ పేరుని పైకి చదివింది. వదిన చివరి అక్షరం దాకా విని, మెల్లగా తెర మూసింది.

కాలం ఎవరి గుమ్మంలోకైనా చెప్పకుండా వచ్చి తన పని తాను చేసుకుపోతుంది. ఫిల్మ్‌నగర్‌లో ఆ ఒక్క గోడ దగ్గర మాత్రం, అది కూడా వదిన దారం లాగేదాకా బయట నిలబడాల్సిందే.